తాళం చెవి పెదనాయన దగ్గర, పెత్తనం లస్కరు దగ్గర

ప్రశ్న: "ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మీటింగుల్లో నా మాట ఎవరూ లెక్కచేయరు. నలుగురిలో పలుకుబడి సంపాదించడానికి, సంపాదించింది నిలుపుకోవడానికి ఏం చేయాలి?"

దీనికి ఎవర్ని అడిగినా ఏం చెప్తారో నాకు తెలుసు. నిటారుగా కూర్చో, ఎదుటివాడి కళ్లల్లోకి చూసి మాట్లాడు, పేరు పెట్టి పిలువు. మా వైపు ఎవరినన్నా అదే పనిగా కళ్లల్లోకి చూస్తా మాట్లాడితే "ఏందబ్బా ఆ చూపు, నీకేమన్నా బాకీ ఉండానా" అంటారు. పేరు పెట్టి పిలవడం ఇంకా తప్పు. అన్నా అనాలి, మామా అనాలి, లేదంటే ఆ పూట పని కాదు. అందుకని ఆ సరుకంతా పక్కన పెట్టి నేను కళ్లారా చూసింది చెప్తా. నేనేమీ పెద్ద చదువరిని కాదు. నెల్లూరు జిల్లాలో ఎరువుల కొట్టు నడుపుకుంటున్నా, రోజుకి యాభై మంది రైతులతో నోరు పారేసుకుంటా. నేను చెప్పేది ఒక్క కాలవ గట్టు మీద చూసిన సంగతే. కానీ ఢిల్లీ దాకా ఎక్కడైనా ఇదే లెక్క, రాసి పెట్టుకోండి.

మా ఊరు విడవలూరు వైపు, ఇంకాస్త పోతే సముద్రం. కనిగిరి రిజర్వాయరు కింద చివరాఖరి ఆయకట్టు మాది. ప్రకాశం జిల్లా కనిగిరి కాదు, మా బుచ్చిరెడ్డిపాళెం దగ్గరది. బయటివాళ్లకి ప్రతిసారీ ఇది చెప్పుకోలేక చస్తున్నాం. సోమశిల డ్యాము నిండితే 78 టీఎంసీలని పేపర్లో వేస్తారు, ఫొటో కూడా వేస్తారు. ఆ నీళ్లు సంగం దాటి, రిజర్వాయరు దాటి, పెద్ద కాలవ, పిల్ల కాలవ దాటి మా కయ్యలోకి, అంటే వరిమడిలోకి, వచ్చేసరికి పిల్లోడు ఉచ్చ పోసినంత. మొదటి పంటకి పర్లేదు, వానలు ఆదుకుంటాయి. ఎండాకాలం రెండో పంట, మా ఎడగారు, వచ్చిందంటే చూడాలి మా అవస్థ. నారు పోసుకుని, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, కాలవ వైపు చూస్తా కూర్చోవడమే. ఎన్ని ఎకరాలకి నీళ్లివ్వాలో నెల్లూరులో ఐఏబీ, అంటే సాగునీటి సలహా మండలి, మీటింగు పెట్టి తేలుస్తారు. ఆ కాగితంలో మా ఊరి పేరు ఉంటుంది. కాగితం మీద నీళ్లు పారవు కదా.

అక్కడ నీళ్లు పారించేది లస్కరు. షట్టర్లు ఎత్తి దించే చిన్న కొలువు. ఖాకీ నిక్కరు, భుజాన పార, చేతిలో షట్టరు తిప్పే ఇనప కడ్డీ. మా లస్కరుని ఊరంతా మామా అనేది. మా నాయనకీ మామే, నాకూ మామే, మా అవ్వకి మాత్రం "ఒరే అబ్బయా".

1997లో నీటి సంఘాల చట్టం చేసి, జూన్‌లో రాష్ట్రమంతా ఎన్నికలు పెట్టారు. మా సంఘానికి మా పెదనాయనే ప్రెసిడెంటు. ఎవరూ పోటీకి రాలేదు. ఎందుకొస్తారు? 18 ఎకరాల ఆసామి, బుల్లెట్టు బండి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. నేనప్పుడు కావలిలో డిగ్రీ చదువుతుండా. సెలవలకి ఇంటికొచ్చి చూస్తే పెదనాయన అరుగు మీద పొద్దున్నే పదిహేను మంది. పెద్దమ్మ పాలు పోయించుకునే చెంబు మార్చి, బిందె లాంటిదొకటి పెట్టింది. టీ కాచీ కాచీ ఆవిడ నడుం పడిపోయింది పాపం.

పెదనాయన ప్రెసిడెంటు అయ్యాక చేసిన మొదటి పని ఏందో తెలుసా? మా కాలవ రెండు పాయలుగా చీలే చోట రెండు షట్టర్లుంటాయి. ఒక పాయ పెదనాయన కయ్యల వైపు, రెండోది మా వైపు. ఆ రెండింటికీ గొలుసులు చుట్టించి, గుప్పెడంత అలీగఢ్ తాళం వేయించాడు. చెవి తీసుకుని మొలతాడుకి కట్టుకున్నాడు. రాత్రిళ్లు దొంగనీళ్లు పెట్టుకోకుండా కట్టుదిట్టం అన్నాడు. నిజమే, దొంగనీళ్లు పెట్టుకునేవాళ్లు ఉండారు. కానీ అసలు సంగతి అందరికీ అర్థమైంది. నీళ్లు కావాలంటే ముందు ఆ అరుగు ఎక్కాలి.

లస్కరు మామ ఏమీ అనలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, అరుగు కింద నిలబడి చెవి అడిగి తీసుకునేవాడు, పని కాగానే తెచ్చి ఇచ్చేవాడు. ఉన్న కాస్త అధికారం కూడా పోయిందే పాపం అనుకున్నా నేను. చదువుకునేవాడి తెలివి అంతే ఉంటుంది.

ఆయన పని తీరు ఎట్టా ఉండేదంటే, రేపు ఎవరి వంతో ఈరోజు సాయంత్రమే వాళ్ల ఇంటికి పోయి చెప్పేవాడు. "రేపు రాత్రి తొమ్మిదికి మీ నీళ్లు, మడవ సిద్ధంగా పెట్టుకో." ఎకరంన్నరకి ఎన్ని గంటలు, ఇసక పాలు ఎక్కువున్న కయ్యకి ఎంతసేపు, ఏ గెనెం (మడి గట్టు) కింద ఎండ్రకాయ బొక్కలున్నాయి, అంతా బుర్రలోనే. రాసింది ఒక్క ముక్క లేదు. కోతలప్పుడు కళ్లం దగ్గరికొస్తే రెండు చేటల వడ్లు పట్టుకుపోయేవాడు. పదెకరాల వాడి దగ్గరా రెండు చేటలే, అరెకరం వాడి దగ్గరా రెండు చేటలే. మా నాయన ఒక ఏడు మూడో చేట పోయబోతే గోనె మూతి ముడిచేసుకున్నాడు. ఇంకోటి, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. సొంత అల్లుడు వంతు కాని రోజు నీళ్లడిగితే, టీ కొట్టు ముందు, పదిమంది వింటుండగా లేదన్నాడు. అల్లుడు అలిగి కూతుర్ని నెల రోజులు పుట్టింటికి పంపలేదు. ఆ నెల రోజుల ఖర్చుతో ఆయన పదేళ్లకి సరిపడా పెట్టుబడి పెట్టుకున్నాడని నా లెక్క. ఆ తర్వాత ఎవరికి లేదన్నా ఎవరూ కిక్కురుమనలేదు. అల్లుడికే లేదన్నవాడు నీకిస్తాడా?

ఇక ఆ రాత్రి సంగతికొస్తా.

మరుసటి ఏడు ఎడగారు. మే నెల, రాత్రి రెండప్పుడు. వంతు మాది. నాయనా నేనూ మడవ దగ్గర కూర్చుని ఉండాం. కాలవలో మోకాలి కిందికి నీళ్లొస్తున్నాయి, నారుమడి తడుస్తా ఉంది. నీటి మట్టం తెలిసేదానికి నాయన చింతబరికె ఒకటి గుచ్చిపెట్టాడు. కాసేపటికి టార్చి వేసి చూస్తే బరికె మీద తడి గీత నీళ్లకి నాలుగు వేళ్ల పైన ఉంది. ఇంకాసేపటికి జానెడు పైన. నాయన ఏమీ మాట్లాడలేదు. పంచె ఎగ్గట్టి, పార భుజాన వేసుకుని గట్టెంబడి పైకి నడిచాడు. నేను వెనకాల. దారంతా తాటిచెట్లు, పల్లేరు ముళ్లు. చెప్పులు మడవ దగ్గరే మర్చిపోయా.

షట్టర్ల కాడికి పోయేసరికి పెదనాయన వైపు పాయ తలుపు సగం పైకి లేచి ఉంది. కింద నీళ్లు పడే చప్పుడు దూరం నుంచే వినబడతా ఉంది. పెదనాయన బనీనూ లుంగీతో నిలబడి ఉండాడు, పక్కన ఆయన జీతగాడు. కల్వర్టు గోడ మీద లస్కరు మామ కూర్చుని బీడీ తాగుతుండాడు. ఎండాకాలం ఆయన పడక అక్కడే.

పెదనాయనే ముందు మాట్లాడాడు. "ఒరే, నారు ఎండిపోతుండాది. ఒక గంట, అంతే."

నాయన ఆయన వైపు తిరగనేలేదు. లస్కరుని అడిగాడు. "మామా, ఇప్పుడు వంతు ఎవరిది?"

"మీదే అబ్బయా" అన్నాడు మామ. బీడీ ఒకసారి లాగి, "తాళం చెవి నాది కాదు" అన్నాడు.

నాయన కొట్లాడతాడనుకున్నా. పార చేతిలోనే ఉంది, నాకు కాళ్లు వణికాయి. ఆయన పార పక్కన పెట్టి, పోయి మామ పక్కన కూర్చున్నాడు. మామ ఇంకో బీడీ తీసి ఇచ్చాడు. ఇద్దరూ తాగుతా కూర్చున్నారు. ఎవరూ పలకరు. నీళ్లు మాత్రం పోతుండాయి. పెదనాయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు, దగ్గాడు, జీతగాణ్ణి ఎందుకో తిట్టాడు. ఆఖరికి తనే కడ్డీ అందుకుని షట్టరు దించాడు. గొలుసు చుట్టి తాళం వేయబోతుంటే చెవి చేతిలోంచి జారి కాలవలో పడింది.

ఆ తర్వాత చూడాలి. 18 ఎకరాల ఆసామి, నీటి సంఘం ప్రెసిడెంటు, లుంగీ తడిసిపోతుంటే తొడల లోతు నీళ్లల్లో వంగి బురదలో చేత్తో దేవులాడుతుండాడు. లస్కరు మామ లేచి టార్చి పట్టుకున్నాడు. "కొంచెం ఎడమకి... ఇంకా ఎడమకి..." అంటా మర్యాదగానే చెప్తుండాడు. దొరకలేదు. అప్పుడు టార్చి నా చేతికిచ్చి తనే దిగాడు. నిలబడి, కాలి వేళ్లతో బురదని ఒక పక్కనుంచి తడుముకుంటా వచ్చి, కాలితోనే పట్టి పైకి తీశాడు. కాలవలో కడిగి, తుండుగుడ్డతో తుడిచి, పెదనాయన చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా ఉంచుకోండి ప్రెసిడెంటుగారా" అన్నాడు. వెటకారమా, నిజంగానే అన్నాడా అని నేను ఇరవయ్యేడేళ్లుగా ఆలోచిస్తున్నా, తేలలేదు.

చెవి ఆయన అట్టిపెట్టుకోవచ్చు, దొరకలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ చెవితో ఆయనకి పని లేదు.

ఈ సంగతి నాయన ఎవరికీ చెప్పలేదు, మామా చెప్పలేదు. జీతగాడు చెప్పాడు. రెండో రోజుకి ఊరంతా పాకింది. సంఘం అట్టాగే ఉంది, పెదనాయన ప్రెసిడెంటుగానే ఉండాడు, తాళం తాళమే. కానీ అంతకుముందు ఆయన టీ కొట్టు దగ్గరికొస్తే బెంచీ మీద వాళ్లు లేచేవాళ్లు, లేవకపోయినా జరిగి చోటిచ్చేవాళ్లు. ఆ వారం నుంచి జరగడం ఆగిపోయింది. నమస్కారాలున్నాయి, "రండి రండి" ఉంది, పిర్రలు మాత్రం కదల్లేదు. నా అనుభవంలో మనిషి పలుకుబడి కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. నువ్వు పోయినప్పుడు బెంచీ మీద ఎంతమంది జరుగుతుండారో చూసుకో.

లస్కరు మామ మహాత్ముడేమీ కాదు, అదీ చెప్పాలి. సాయంత్రమైతే చుక్క పడాల్సిందే. పైగా మహా గుట్టు మనిషి. ఏ కయ్యకి ఎన్ని గంటలనేది చచ్చినా ఎవరికీ నేర్పేవాడు కాదు. పక్కన ఎవడన్నా గమనిస్తుంటే మాట మార్చేసేవాడు. ఒకసారి పైనుంచి వచ్చిన ఓ ఆఫీసరు ఏదో మాట మీద "నువ్వు లేకపోతే ఇంకోణ్ణి పెడతా" అన్నాడు. మామ "అట్టాగే సార్" అని ఇంటికి పోయి మంచం ఎక్కాడు. జ్వరం అన్నాడు. మూడు రోజులు ఆ ఇంకోడు షట్టర్లు తిప్పాడు. పై వాళ్ల కయ్యలు మునిగి గెనేలు తెగాయి, మా కయ్యలు నెర్రెలిచ్చాయి. నాలుగో రోజు ఆఫీసరు జీపు మామ గుడిసె ముందు ఆగింది. వెంటనే జ్వరం తగ్గింది. ఇది మంచిదా చెడ్డదా అని నన్నడగొద్దు. మీరు అడిగింది నిలుపుకోవడం ఎట్టా అని. ఆయన అట్టా నిలుపుకున్నాడు.

మా ఆవిడది ఒంగోలు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా మామగారు ప్రకాశం పంతులుగారిని తెస్తాడు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ గొడవప్పుడు తుపాకీ ముందు రొమ్ము చూపించిన మనిషి, పలుకుబడి అంటే అది అంటాడు. కాదనను. కానీ లెక్క చూడండి. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యాడు (అప్పట్లో ముఖ్యమంత్రిని అట్టాగే అనేవాళ్లు), ఏడాది తిరక్కుండా దించేశారు, అదీ సొంత పార్టీవాళ్లే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం మీద అవిశ్వాసం పెడితే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. బారిస్టరుగా గడించింది కూడా పత్రికలో పోసేశాడు. పోయిన తర్వాత 1972లో ఒంగోలు జిల్లాకి ఆయన పేరు పెట్టారు. సంపాదించడంలో ఆయన్ని మించినవాడు లేడు. కుర్చీ పట్టుకుని వేలాడే విద్య మాత్రం ఆయనకి అబ్బలేదు. ఈ మాటంటే మామగారు భోజనం మధ్యలో లేచిపోతాడు, కాబట్టి ఇప్పుడు అనడం మానేశా.

ఈ రోజుల్లో వచ్చిన ఇంకో జబ్బు ఫ్లెక్సీలు. ఎవడి పుట్టినరోజైనా సరే, సెంటర్లో పది అడుగుల బొమ్మ. మధ్యలో నాయకుడు, చుట్టూ తపాలా బిళ్లల్లాగా ముప్పై తలకాయలు. ఆ ముప్పైలో ఒకడు నా కొట్టుకొచ్చి, "అన్నా, ఫ్లెక్సీలో చూశావా నన్ను" అని అప్పు అడుగుతాడు. నీ బొమ్మ చూసి కాంప్లెక్స్ ఎరువు బస్తా ఇవ్వాలంటే నాకు కంపెనీవాడు ఎవడి బొమ్మ చూసి ఇస్తాడు? వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ అయినా పెద్దమనిషి అయిపోయినట్టే. మా ఊరి గ్రూపులో ఏడుగురు అడ్మిన్లు. కాలవ పూడిక తీయాలంటే ఒక్కడు రాడు.

మీ ఉద్యోగం ఏందో మీరు రాయలేదు. ఏదైనా సరే, మీటింగులో మాట నెగ్గడం గురించి ఒక ఏడాది మర్చిపొండి. ఆఫీసులో ఎవరూ ముట్టుకోని చికాకు పని ఒకటి ఉంటుంది. ఎవరి బిల్లు ఎక్కడ ఆగింది, ఏ ఫైలు ఏ టేబులు మీద పడుంది, ఎవరి సెలవు ఎప్పుడు, అట్టాంటిది. అది మీ బుర్రలోకి ఎక్కించుకోండి. ఎవరన్నా అడక్కముందే "మీది రేపు వస్తుంది" అని చెప్పండి. ఇంకోటి, మీ స్నేహితుడికి నలుగురి ముందు ఒకసారి లేదనండి. కష్టమే, అతను అలుగుతాడు. నేను చేయలేక చెడ్డా కాబట్టి చెప్తున్నా.

అవును, నా సంగతి చెప్పలేదు కదా. యూరియాకి కటకట వచ్చిన ఏడు, లారీలో వచ్చిన సరుకు వచ్చినట్టే అయిపోయేది. బస్తా 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు, వేలిముద్ర వేస్తేనే మిషను ఒప్పుకుంటుంది. కొట్టు ముందు పొద్దున ఆరింటి నుంచే లైను. పాస్‌బుక్కులు, చెప్పులు, ఇటికరాళ్లు, ఏది ఉంటే అది లైన్లో పెట్టి చెట్టు కిందికి పోయేవాళ్లు. మనిషికి రెండు బస్తాలని బోర్డు రాసింది నేనే, నా చేత్తో. మధ్యాహ్నం మా బామ్మర్ది ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. వెనక గోడౌను తలుపు తీసి పది బస్తాలు ఎక్కించా. వేరే వాళ్ల వేలిముద్రలతో లెక్క సరిచేద్దాంలే అనుకున్నా. ఎవరూ చూడలేదనుకున్నా. చెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని ఉండాడు. మా నాయన నాటి నుంచీ మాకు ఖాతా ఉన్న మనిషి. గొడవ చేయలేదు. లేచి, లైన్లో పెట్టుకున్న తన చెప్పులు తీసి కాళ్లకి తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఇప్పుడాయన, ఆయన కొడుకులు, వాళ్ల వీధి వాళ్లు ఎదురు కొట్టుకి పోతారు. నా కొట్టు ముందు నుంచే పోతారు, పలకరిస్తారు కూడా. ఆ సాయంత్రం గల్లాపెట్టె సర్దుతుంటే మా ఆవిడ గోడౌను తాళం చెవి తెచ్చి నా ముందు పడేసి, "మీ పెదనాయన పోలికలు ఎక్కడికి పోతాయి" అంది.